ఇత్తడి తూటా తొడుగుల శుద్ధి: పొడి పద్ధతా, తడి పద్ధతా?

పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను మళ్లీ తుపాకి మందు నింపి వాడేముందు శుభ్రం చేయాలి. వాటిని అక్రోటు పెంకుల నూకలో వేసి, అదిరే గిన్నెలో రెండు మూడు గంటలు ఆడిస్తే పైమసి పోతుంది, ఆరబెట్టే పనే ఉండదు. అయితే ప్రైమర్ (తొడుగు అడుగున ఉండి మందును రగిలించే చిన్న బిళ్ల) కూర్చునే గుంటలోని మసి చాలావరకు అలాగే మిగులుతుంది, పైగా లేచే ధూళిలో సీసం ఉంటుంది కనుక మాస్కు లేకుండా మూత తీయకూడదు.

నీళ్లు, సబ్బు, స్టీలు పిన్నులతో తిప్పే తడి పద్ధతిలో ఆ గుంట కూడా కొత్తదానిలా మెరుస్తుంది. ఇబ్బందంతా ఆ తర్వాతే. సన్నని మూతి ఉన్న తొడుగులో ఒక్క చుక్క నీరు నిలిచినా తర్వాత నింపే తుపాకి మందు పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే నీరు వంపేసి, తువ్వాలుపై దొర్లించి, 100 డిగ్రీల సెల్సియస్ దాటని వేడిగాలిలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల పిన్ను ఇరుక్కుందేమో ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూడాలి. ప్రైమర్‌ను ముందే తీసేసి, ఆరేదాకా ఓపిక పట్టగలవారికి తడి పద్ధతే మేలని నా అభిప్రాయం. తొందరలో ఉన్నవారికి పొడి పద్ధతే క్షేమం.