పండ్ల పిజ్జాకి ఏ బేస్ మేలు? ఈస్ట్ పిండా, బిస్కెట్ పిండా?

మే నెలలో ఇంటినిండా బంగినపల్లి పళ్ళుంటే, పిల్లలు తీపి పిజ్జా కావాలని పట్టుబట్టారు. నాకు తెలిసిన పిజ్జా ఒకటే, ఈస్ట్ వేసి పొంగించే మైదా పిండిది. దాని మీదే మామిడి ముక్కలు పరిచి ఓవెన్లో పెట్టేశాను. ముక్కలు నీరు వదిలి మధ్యలో పిండంతా ముద్దయింది, అంచులేమో అప్పడంలా కరకరలాడాయి. అత్తయ్య ఒక ముక్క తిని, "బావుందమ్మా, కానీ ఆ పండు ఉత్తదే కోసిపెట్టినా సరిపోయేదిగా" అన్నారు. నిజమే మరి.

డాలస్‌లో ఉండే మా వదిన చెప్పాక తెలిసింది, అమెరికాలో ఇళ్ళలో ఫ్రూట్ పిజ్జా అంటే చాలావరకు పెద్ద బిస్కెట్టేనట. దాని మీద క్రీమ్ చీజ్, ఆ పైన పచ్చి పండ్ల ముక్కలు. పండు అసలు ఓవెన్ మొహమే చూడదు.

ఆ బేస్‌కి 100 గ్రాముల మెత్తటి వెన్న, 80 గ్రాముల చక్కెర పొడి కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. అందులో ఒక గుడ్డు, 180 గ్రాముల మైదా, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు వేసి కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ప్లేటులో పరిచి 180 డిగ్రీల్లో పావుగంట కాల్చాలి. అంచు ఎర్రబడి మధ్యలో ఇంకా మెత్తగా ఉందనిపించినప్పుడే తీసేయాలి, చల్లారుతూ అదే గట్టిపడుతుంది. ఆగలేక వేడి మీదే క్రీమ్ రాస్తే కరిగి కారిపోతుంది. నాకు రెండుసార్లు అయిందది.

ఈస్ట్ బేస్ ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. 250 గ్రాముల మైదాకి 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, కాస్త నూనె. పది నిమిషాలు బాగా పిసికి మూతపెడితే మన ఎండలకి గంటలో రెట్టింపవుతుంది, చలికాలంలో రెండు గంటలైనా పడుతుంది. ఓవెన్ లేకపోయినా మందపాటి పెనం మీద మూతపెట్టి సన్నసెగన కాల్చుకోవచ్చు. బిస్కెట్ పిండితో ఆ పని చేయబోతే నాకు అడుగు మాడింది, పైన పచ్చిగానే ఉంది.

ఇంతకీ ఏది మేలంటే, ముందు పండును చూడండి. మామిడి, ద్రాక్ష, దానిమ్మ పచ్చిగానే రుచి. వాటికి బిస్కెట్ బేసే. మామిడిలోనూ గట్టి కండ ఉన్న బంగినపల్లి అయితేనే. రసాలు దీనికి పనికిరావు, పిండుకుని తాగండి. యాపిల్, అనాస, అరటి వేడి తగిలితే ఇంకా బావుంటాయి కాబట్టి వాటికి ఈస్ట్ బేస్.

అనాస గురించి ఇంకో మాట. క్రీమ్ చీజ్ ఖరీదని నేను అర కిలో పెరుగు గుడ్డలో మూటకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో నీరు కారనిచ్చి, తేనె కలిపి రాస్తాను. ఒకసారి దాని మీద పచ్చి అనాస వేస్తే గంటలో చేదెక్కింది. అనాసలో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్లను విరగ్గొడుతుంది, ఆ చేదు అందుకే. ముక్కల్ని చెంచా చక్కెరతో బాణలిలో ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. 1962లో కెనడాలోని ఆంటారియోలో శామ్ పానోపౌలోస్ పిజ్జా మీద అనాస వేసి హవాయన్ పిజ్జా అని పేరు పెట్టినప్పుడు వాడింది డబ్బా అనాస. డబ్బాలో పెట్టేటప్పుడే దాన్ని వేడి చేస్తారు కాబట్టి ఆయనకీ బాధ లేదు. పిజ్జా మీద అనాసేంటని ఇప్పటికీ కొట్టుకునేవాళ్ళున్నారు, అది వేరే గొడవ.

ఈస్ట్ బేస్‌ని ముందు వెన్న, చక్కెర రాసి సగం కాల్చండి. ఆ తర్వాత ఉడికిన అనాస ముక్కలు, కాస్త యాలకుల పొడి వేసి మళ్ళీ అయిదారు నిమిషాలు పెడితే అడుగు తడవదు. చల్లారాక పెరుగు క్రీమ్ పక్కన వడ్డించండి.

చుట్టాలొస్తున్నారంటే నేను బిస్కెట్ బేసే చేస్తాను, చూడ్డానికి అంత బావుంటుంది. కానీ పండ్లు పెట్టిన రెండు గంటల్లో అయిపోవాలి, రాత్రికి మెత్తబడిపోతుంది. మాకు మేమే తినేదైతే ఈస్ట్‌దే. మిగిలిన ముక్కని పొద్దున్నే పెనం మీద వెన్నచుక్కతో వేడి చేస్తే, మా చిన్నవాడు ఇడ్లీ పక్కకి నెట్టి మరీ తింటాడు.