మిషిగన్ చలిలో కారు కడగడం: ఓఎన్‌ఆర్, కోలినైట్ 845 కొన్నేళ్ళు వాడాక

ఓఎన్‌ఆర్ అంటే గొట్టంతో నీళ్ళు కొట్టక్కర్లేకుండా కారు కడిగే ద్రావణం, కోలినైట్ 845 అంటే కారు పెయింట్‌కి పూసే మైనం. ముందే చెప్పేస్తున్నా, చలికాలంలో కారు తళతళలాడాలని చూసేవాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు, జనవరిలో ఇక్కడ ఎంత తోమినా ఆ మెరుపు ఆఫీసు పార్కింగ్ దాకానే. నా గొడవంతా ఉప్పుతో. డెట్రాయిట్ దగ్గరి మా నోవై చుట్టుపక్కల మంచు పడుతుందన్న మాట వినబడగానే, అది కరగడానికి ఉప్పు చల్లే సాల్ట్ ట్రక్కులు రోడ్డెక్కేస్తాయి. ఉప్పుకి కరువా అంటే అదీ లేదు, డెట్రాయిట్ నగరం కిందే దాదాపు 1,200 అడుగుల లోతున గని ఉంది. రెండు రోజులు తిరిగితే చాలు, నల్ల కామ్రీ కాస్తా బూడిద రంగులోకి వచ్చేస్తుంది, దిగేటప్పుడు డోర్ కింద అంచు ప్యాంటుకి తగిలి పిక్క దగ్గర తెల్లటి చార పడుతుంది. శుభ్రమైన ప్యాంటుతో మీటింగ్‌లోకి వెళ్ళినవాడు ఆ వారం కారు కడిగినట్టే లెక్క.

బయటి నల్లా నవంబరులోనే కట్టేసి గొట్టం విప్పి లోపల పెట్టేస్తాం, లేకపోతే పైపులో నీళ్ళు గడ్డకట్టి పగులుతుంది. ఊళ్ళో బోరు ఆన్ చేసి గొట్టంతో అరగంట కొట్టే సుఖం ఇక్కడ ఏప్రిల్ దాకా మర్చిపోవాల్సిందే. అందుకే ఆప్టిమమ్ వాళ్ళ నో రిన్స్, అందరూ ఓఎన్‌ఆర్ అనేది. రెండు గ్యాలన్ల నీళ్ళకి ఒక్క ఔన్సు, అంటే ఏడున్నర లీటర్లకి 30 మిల్లీలీటర్లు, అంతే. 32 ఔన్సుల సీసా లెక్కకి 32 సార్లు వస్తుంది, నేను స్ప్రే బాటిల్‌లో కూడా కలుపుకుంటాను కాబట్టి కొంచెం తక్కువ వస్తుంది, అయినా ఒక చలికాలం గట్టెక్కుతుంది. నురగ రాదు. మొదటిసారి చూసినవాళ్ళు ఇదేం సబ్బురా బాబూ అనుకుంటారు. అందులోని పాలిమర్లు మట్టి రేణువులని పట్టుకుని పెయింట్ మీద గీత పడకుండా జారనిస్తాయి, తర్వాత నీళ్ళు పోసి కడగక్కర్లేదు, తుడిచేస్తే సరిపోతుంది.

గరాజ్‌లో నా పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్ళే వాడాలి, మరిగే నీళ్ళు వద్దు, గడ్డకట్టి ఉన్న విండ్‌షీల్డ్ మీద వేడినీళ్ళు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది. ముందు అదే ద్రావణం స్ప్రేతో ఒక పక్కంతా తడిపి రెండు మూడు నిమిషాలు వదిలేస్తాను, ఉప్పు పెచ్చులు నాని మెత్తబడాలి. బకెట్‌లో ఒకేసారి ఏడెనిమిది మైక్రోఫైబర్ టవళ్ళు నానబెట్టుకుని, ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, మురికైన మడత తిప్పేస్తూ పైనుంచి కిందకి ఒకే దిశలో లాగుతాను. గుండ్రంగా తిప్పి రుద్దితే పెయింట్ మీద సాలెగూడు గీతలు ఖాయం. వాడిన టవల్ మళ్ళీ బకెట్‌లో ముంచను. చక్రాల వెనక, డోర్ల కింద ఉండే భాగం చివర్న, దానికి పాత టవళ్ళు. చేతులకి పల్చటి ఉలెన్ గ్లౌజులు, వాటి మీద నైట్రిల్ గ్లౌజులు వేసుకోండి, లేకపోతే పావుగంటకే వేళ్ళు కొంకర్లు పోయి టవల్ పిండడం కూడా రాదు.

ఒక హద్దు మాత్రం ఉంది. తుఫాను వెళ్ళిన మర్నాడు, ఇసుకా ఉప్పూ కలిసి వేలిమందాన పట్టిన కారు మీద ఓఎన్‌ఆర్ వాడకూడదు. అది ఆ సీసా చేసే పని కాదు. ముందు బ్రష్షులు తగలకుండా నీళ్ళ జోరుతో, రసాయనాలతో కడిగే టచ్‌లెస్ కార్ వాష్‌కి తీసుకెళ్ళి పైపైన వదిలించుకుని, మిగిలిన తెల్లపొర ఇంటికొచ్చి తీసుకోవాలి.

ఇక మైనం సంగతి. కోలినైట్ 845ని ఇన్సులేటర్ వ్యాక్స్ అంటారు, మొదట్లో కరెంటు లైన్ల పింగాణీ ఇన్సులేటర్లకి రక్షణగా పూయడానికి తయారైందట, ఆ పేరు అలాగే ఉండిపోయింది. ద్రవంలా పోసుకునే మైనమే గానీ చలికి మన కొబ్బరినూనె సీసాలాగే పేరుకుపోతుంది, వేడినీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టి బాగా ఊపితే దారికొస్తుంది. పూసేటప్పుడు అసలు కిటుకు పిసినారితనం. స్పాంజి మీద రూపాయి బిళ్ళంత వేసుకుని ఒక డోర్ మొత్తం లాగించాలి, కంటికి కనపడీ కనపడనట్టు ఉండాలి. మందంగా పూశారా, తుడవలేక భుజాలు పోతాయి. నేను అక్టోబరు ఆఖర్లో, ఎండ ఉండి బయట 50 ఫారన్‌హీట్ (10 సెల్సియస్) దాటిన రోజు చూసుకుని ఒక పూత, కొన్ని రోజులాగి ఇంకో పూత వేస్తాను. మార్చి వచ్చేదాకా బానెట్ మీద నీళ్ళు ఇంకా ముత్యాల్లా నిలబడుతూనే ఉంటాయి, డోర్ల కింది భాగంలో మాత్రం ఫిబ్రవరికే పల్చబడుతుంది, రాళ్ళూ ఉప్పూ అన్నీ తినేది అక్కడే కదా. టచ్‌లెస్ వాష్‌లలో వాడే ఘాటు రసాయనాలు కూడా మైనాన్ని కొంత లాగేస్తాయి.

జనవరిలో పూయొచ్చా అని చాలామంది అడుగుతారు. రేకు ఐస్‌లా ఉన్నప్పుడు మైనం ఆరదు, చారలు చారలుగా మిగులుతుంది. గరాజ్ వెచ్చగా ఉంటే చేయొచ్చు. కానీ ఈ మైనంలో పెట్రోలియం ద్రావకాలు ఉంటాయి, మంట ఉండే ప్రొపేన్ హీటర్ పక్కన పెట్టుకుని మాత్రం సీసా మూత తీయకండి. ఈ తతంగమంతా వద్దనుకుంటే అక్టోబరులోనే చేసేసుకోండి, నా ఓటు దానికే. మైనం వేసిన కారు మీద ఉప్పు గట్టిగా అంటుకోదు, ఓఎన్‌ఆర్ టవల్ ఒకసారి లాగితే ఊడొస్తుంది, రుద్దుడు తగ్గితే గీతలు తగ్గుతాయి. నేను డబ్బు పెట్టేది దీనికోసమే, మెరుపు కొసరు.

అయితే ఈ రెండు సీసాలూ ముట్టుకోని చోటు ఒకటుంది, కారు అడుగు భాగం. తుప్పు మొదలయ్యేది అక్కడే, బ్రేక్ పైపులు, సస్పెన్షన్, వెల్డింగ్ అతుకులు. పైన అద్దంలా ఉంచుకుని కింద గాలికొదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్ దాటిన రోజు పడగానే అండర్‌బాడీ వాష్ ఉన్న ప్యాకేజీ కొట్టించండి, మూడు నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. ఇంకో మాట, ఉప్పుతో తడిసిన కారుని వెచ్చటి గరాజ్‌లో వారాల తరబడి ఉంచితే బయట గడ్డకట్టి ఉన్నదానికన్నా వేగంగా తుప్పు పడుతుంది. వెచ్చగా పెట్టేదుంటే కడిగి పెట్టండి.

కడిగిన తర్వాత డోర్లు తెరిచి అంచులూ రబ్బర్లూ పొడిగా తుడవాలి, పెట్రోల్ మూత దగ్గర కూడా. రబ్బర్లకి సిలికాన్ స్ప్రే గుడ్డతో రాస్తే పొద్దున్నే డోర్ అతుక్కుపోయి లాగులాట ఉండదు. నాలుగైదు బ్రేకులు కొడుతూ వీధి చుట్టూ ఒక రౌండ్ వేసి రండి, డిస్కుల మీద నీళ్ళు ఆరిపోతాయి.

సొంత గరాజ్ ఉంటే రెండూ కళ్ళు మూసుకుని కొనొచ్చు, నేను ఇప్పటికీ అవే తెప్పించుకుంటున్నాను. అపార్ట్‌మెంట్‌లో ఉండి కారు బయటే పెట్టేవాళ్ళు మాత్రం 845 ఒక్కటి తీసుకుని చలి రాకముందే పూసేసుకోండి, ఓఎన్‌ఆర్‌కి పెట్టే డబ్బు టచ్‌లెస్ వాష్ నెలవారీ పాస్‌కి పెట్టండి. 20 ఫారన్‌హీట్‌లో (దాదాపు మైనస్ 7 సెల్సియస్) పార్కింగ్ లాట్‌లో తడిగుడ్డ పట్టుకుంటే అది డోర్ మీదే గడ్డకడుతుంది.