హన్మకొండలో 499 రూపాయల పళ్ళ క్లీనింగ్ ఆఫర్ చూసి వెళ్ళకండి, మా అమ్మకు ఏం చేశారో చదవండి

పోయిన ఆదివారం జరిగింది ఇది. వారం కూడా కాలేదు, రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. క్లినిక్ పేరు రాయడం లేదు. ఆ 499 బ్యానర్ చూసినవాళ్ళకు నేను ఎవరి గురించి చెప్తున్నానో అర్థమవుతుంది.

అమ్మది పరకాల దగ్గర పల్లె. 58 ఏళ్ళు. షుగర్ ఉంది, బీపీ ఉంది, పోయినేడు గుండె పరీక్షలు అయ్యాక రక్తం పలచబడే గోలీ కూడా ఇచ్చారు. రెండేళ్ళుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. షుగర్ చూసే డాక్టర్ గారే అన్నారు, ఒకసారి పళ్ళ డాక్టర్‌కు చూపించండమ్మా, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం, షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి అని. అప్పటినుంచి నేను అమ్మ వెంట పడ్డాను.

అమ్మకు ఏ మాత్రం ఇష్టం లేదు. "నాకెందుకు బిడ్డా గవన్నీ ఇప్పుడు? మిషిన్ పెడితే పండ్లు వదులైతయట. మీ చిన్నమ్మకు గట్లనే అయింది" అనేది ప్రతిసారీ. నేను కూర్చోబెట్టి చెప్పాను. వేపపుల్లతో తోమినా, బ్రష్‌తో తోమినా పంటికీ చిగురుకీ మధ్య సందులో పాచి మిగిలిపోతుంది, ఆ పాచి అంతా బ్యాక్టీరియానే. కొన్ని రోజులు అలాగే ఉంటే మన ఉమ్మిలో ఉండే కాల్షియం లాంటివి దానికి పట్టి రాయిలా గట్టిపడుతుంది. దాన్నే గార అంటాం. గార అయ్యాక ఎంత తోమినా పోదు, మిషన్‌తో తీయాల్సిందే. దాన్ని వదిలేస్తే చిగురు వాచి, రక్తం కారి, చివరికి లోపల పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుంది. చిన్నమ్మ పళ్ళు కదిలింది మిషన్ వల్ల కాదు, అప్పటికే ఎముక పోయి ఉంది, గార అడ్డం ఉండి పళ్ళను పట్టి ఉంచింది, అది తీసేసరికి అసలు సంగతి బయటపడింది. ఇలా ఎన్ని రోజులు చెప్పానో. నేను ఏడాదికోసారి చేయించుకుంటాను, అరగంట పని, రెండు రోజులు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది, అంతే. పది రోజుల్లో రక్తం ఆగిపోతుంది, నోటి వాసన తగ్గుతుంది అని నా నోరు తెరిచి మరీ చూపించాను. చివరికి "సరే పోదాం తియ్" అంది.

నేను ఎప్పుడూ వెళ్ళే డాక్టర్ గారు ఆ వారం ఊళ్ళో లేరు. అమ్మ రెండు రోజులే ఉంటానంది, ఇంటి దగ్గర బర్రెను ఎవరు చూసుకుంటారని ఆమె తొందర. మళ్ళీ ఊరికి పోతే ఇంకో ఏడాది రాదు. అందుకని బ్యానర్ చూసి అక్కడికి తీసుకెళ్ళాను. తొందరపడింది నేనే, తప్పు నాదే.

లోపల ఏసీ, సోఫాలు, గోడ నిండా తెల్లటి పళ్ళ ఫోటోలు. రిసెప్షన్‌లో పేరు, ఫోన్ నంబర్ రాసుకున్నారు. షుగర్ ఉందా అని అడగలేదు. ఏం గోలీలు వాడుతున్నారని అడగలేదు. నేనే చెప్పబోతే "లోపల సార్‌కి చెప్పండి మేడం" అన్నారు. లోపల తెల్ల కోటు వేసుకున్న ఒకాయన, పాతికేళ్ళు దాటి ఉండవు, కోటు మీద పేరు లేదు. ఆయనకు చెప్పాను. వినీ విననట్టు తలూపి నన్ను బయట కూర్చోమన్నాడు. బోర్డు మీద పేరున్న డాక్టర్ ఆ రోజు అసలు రానేలేదని తర్వాత తెలిసింది.

ఇరవై నిమిషాలకు నన్ను లోపలికి పిలిచారు. అయిపోయిందనుకుని వెళ్ళాను.

అమ్మ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉంది. మెడ కింద కట్టిన కాగితం ఎర్రగా తడిసి ఉంది, నోటి నిండా నీళ్ళూ రక్తమూ, ఉమ్మివేయడానికి లేవబోతే ఆగమని భుజం మీద చేయి పెట్టాడు. కింది పళ్ళు మాత్రమే అయ్యాయి, పైవి ముట్టుకోలేదు. ఫోన్‌లో అమ్మ నోటి ఫోటో తీసి పెద్దది చేసి నాకు చూపించి మొదలుపెట్టాడు. ఎముక పోయిందట, నార్మల్ క్లీనింగ్ పనికిరాదట, డీప్ క్లీనింగ్ చేయాలట, దాని మీద లేజర్ వేయాలట, మొత్తం 14,000, ఇప్పుడే కడితే 9,000. నేను అన్నాను, సార్ ఎక్స్‌రే తీయలేదు కదా, ఎముక పోయిందని ఎలా తెలిసింది? ముందు మీరు చెప్పిన 499 క్లీనింగ్ పూర్తి చేయండి, ఇంట్లో మాట్లాడుకుని వస్తాం. దానికి ఆయన మాట, ఇది నేను మర్చిపోలేను, "సగంలో ఆపి పంపిస్తే వారంలో పండ్లు ఊడతాయి, ఆమె ఇష్టం, నాది బాధ్యత కాదు."

అమ్మ కళ్ళు నా వైపే ఉన్నాయి. మిషన్ పెడితే పళ్ళు ఊడతాయని ఆమె ఇన్నాళ్ళు భయపడ్డ మాటే కదా అది.

నేను ఏం మాట్లాడాలో తెలియక నిలబడి ఉంటే, ఆయన అమ్మ వైపు తిరిగి అన్నాడు, "ఎన్నేండ్లయింది నువ్వు పండ్లు తోముకోక? గొడ్లు నయం, వాటి నోరు కూడా ఇంత కంపు ఉండదు." పక్క కుర్చీలో ఇంకో పేషెంట్ ఉన్నాడు, ఆయనతో వచ్చిన వాళ్ళున్నారు, అందరూ విన్నారు. తల్లి వయసు మనిషిని, నువ్వు అని. అమ్మ రోజూ పొద్దున నాలుగున్నరకు లేచి ముందు నోరు కడుక్కుని గాని చాయ్ ముట్టని మనిషి. ఆమె ఏమీ అనలేదు. మెల్లగా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. రక్తం అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

అప్పుడే లేచి రావాలి కదా. నేను రాలేదు. నోరు సగం అయి ఉంది, పళ్ళు ఊడతాయన్నాడు, అమ్మ భయపడుతోంది, నా బుర్ర పని చేయలేదు. ఫోన్ తీసి 9,000 పంపాను. ఇంట్లో మా ఆయన అడిగిందీ ఇదే, ఆ మాట అన్నాక కూడా డబ్బులు ఎట్లా ఇచ్చావు అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టక అదే గుర్తొస్తోంది, ఆ కొంగు, నేను ఫోన్‌లో పిన్ నొక్కడం.

డబ్బు పడ్డాక ఎంతసేపు చేశారో తెలుసా? పది నిమిషాలు. ఈసారి నేను పక్కనే నిలబడ్డాను. మత్తు ఇంజెక్షన్ ఇవ్వలేదు. లేజర్ అన్నది నేను చూడలేదు. మిషన్ కొన నుంచి నీళ్ళు సరిగా రావడం లేదు, అయినా పంటికి ఒత్తి పట్టుకున్నాడు, అమ్మ కాళ్ళు బిగపట్టుకుంది. తర్వాత మీ పేరేంటి సార్, స్లిప్పు మీద రాయండి అంటే "పని అయింది కదా మేడం" అన్నాడు. ఇచ్చిన స్లిప్పు మీద డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, "క్లీనింగ్ ప్యాకేజ్ 9,000" అని మాత్రం ఉంది.

ఆటోలో అమ్మ ఒకటే మాట అంది. "క్వింటాల్ పత్తి అమ్మినా గన్ని పైసలు రావు కద బిడ్డా." అంతే, ఇంటికి వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

రాత్రి రక్తం ఆగలేదు. దూది పెట్టుకుని కూర్చుంది. మర్నాడు కుడివైపు కింద చిగురు వాచింది. ఇంక పళ్ళ డాక్టర్ పేరెత్తితే వద్దంటే వద్దంది. నా డాక్టర్ గారు ఊరి నుంచి వచ్చాక నిన్న బతిమాలి తీసుకెళ్ళాను, నోరు చూడడం తప్ప ఏమీ చేయరని మాట ఇస్తేనే వచ్చింది.

ఆవిడ మొదట ఏం చేశారంటే, మిషన్ ముట్టుకోకుండా అమ్మ పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, "అమ్మా, ఏమేం గోలీలు వేసుకుంటున్నారు?" అని అడిగారు. రక్తం పలచబడే గోలీ సంగతి వినగానే నా వైపు చూశారు. అది వాడేవాళ్ళకు కూడా క్లీనింగ్ చేయొచ్చు కానీ ముందు తెలుసుకుని, అవసరమైతే గుండె డాక్టర్‌తో మాట్లాడి చేయాలి, రక్తం ఆగిందాకా చూసి పంపాలి అన్నారు. మనంతట మనం మాత్రం ఆ గోలీ ఆపకూడదు, అది ఇంకా ప్రమాదం అని కూడా గట్టిగా చెప్పారు.

తర్వాత గీతలున్న సన్నటి పుల్ల లాంటిది పెట్టి ప్రతి పంటి చుట్టూ లోతు కొలిచి నర్సుతో రాయించారు. చిగురుకూ పంటికీ మధ్య లోతు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలే, 4, అంతకుమించి ఉంటే జబ్బు లోపలికి దిగుతోందేమోనని చూడాలి. అమ్మకు దాదాపు అన్నీ 2, 3. వెనక దవడ పళ్ళ దగ్గర రెండు చోట్ల మాత్రమే 4. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉంది. అంటే ఎముక పోయిందన్నది అబద్ధం. డీప్ క్లీనింగ్ అంటే చిగురు కింద వేరు దాకా శుభ్రం చేయడం, అది ఇలా కొలిచి, ఎక్స్‌రే చూసి, మత్తు ఇచ్చి, చాలావరకు నోట్లో ఒక్కో భాగం ఒక్కో రోజు చేసే పని. పది నిమిషాల్లో అయ్యేది కాదు. ఫోన్ ఫోటో చూసి చెప్పేది అసలే కాదు.

ఆ మిషన్ సంగతీ చెప్పారు. దాని కొన సెకనుకు వేల సార్లు అదురుతుందట, ఆ అదురుకే గార పగిలి రాలిపోతుంది, ఒత్తాల్సిన పనే లేదు, ఊరికే తగిలిస్తే చాలు. పంటి పైపొర అరగదు. ఆ అదురుకు వేడి పుడుతుంది కాబట్టి నీళ్ళు ఆగకుండా పడుతూ ఉండాలి. నీళ్ళు లేకుండా ఒత్తి పట్టుకున్నాడంటే నొప్పి రాక ఏమవుతుంది? చిగురు వాచిన చోట కోసుకుపోయి ఉంది, దాని పక్కనే గార అలాగే మిగిలి ఉంది. పై పళ్ళ లోపలి వైపు అసలు ముట్టుకోనే లేదు. అద్దం పెట్టి నాకు చూపించారు. 9,000 తీసుకుని.

ఇంకో మాట కూడా తెలిసింది. క్లీనింగ్ డాక్టరే చేయాలని లేదు, డెంటల్ హైజీనిస్టు అని దానికే చదువుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళూ చేయొచ్చు. చట్టం ప్రకారం డాక్టర్లకే కాదు వాళ్ళకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. మా అమ్మ నోట్లో మిషన్ పెట్టిన మనిషి డాక్టరా, హైజీనిస్టా, ఊరికే హెల్పరా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. క్లినిక్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు సార్ బిజీ అన్నారు, మూడోసారి కట్ చేశారు.

నాకు డబ్బు కంటే ఎక్కువ కోపం ఎక్కడంటే, ఎన్నో నెలలు చెప్పి చెప్పి ఒప్పించిన మనిషిని వాళ్ళు అరగంటలో వెనక్కి పంపేశారు. పల్లెల్లో మన అమ్మలు, అత్తలు పంటి నొప్పి వస్తే లవంగం పెట్టుకుని, ఓర్చుకుని, చివరికి పీకించుకోవడానికే డాక్టర్ దగ్గరికి వస్తారు. ముందే వచ్చి శుభ్రం చేయించుకుంటే ఆ పళ్ళు ఇంకా ఎన్నో ఏళ్ళు ఉంటాయి. అలా వచ్చిన మనిషికి గొడ్ల నోరు అని చెప్తే ఆమె ఇంకెవరికి నోరు చూపిస్తుంది? అమ్మ ఊరికి పోయి అందరికీ చెప్తుంది. చెప్పాలి కూడా. కానీ "పండ్లు కడిగించుకోవద్దు" అని చెప్తుందేమోనని నా బాధ.

1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయొచ్చు. స్లిప్పు, ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు, నిన్నటి ఎక్స్‌రే, కొలతల కాగితం అన్నీ దాచాను. మీలో ఎవరికైనా అక్కడే ఇలా జరిగి ఉంటే మీ బిల్లులు పారేయకండి.

వెళ్ళేవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా, నోట్లో మిషన్ పెట్టేది ఎవరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని కుర్చీలో పడుకోకముందే అడగండి. మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. షుగర్, గుండె గోలీలు ఉంటే వాళ్ళు అడగకపోయినా చెప్పండి, చెప్పినా రాసుకోకపోతే లేచి రండి. పెద్దవాళ్ళను తీసుకెళ్తే బయట సోఫాలో కూర్చోకండి, పక్కనే నిలబడండి. సగంలో ఆపితే పళ్ళు ఊడతాయని ఎవరన్నా బెదిరిస్తే నమ్మకండి, మిగతాది ఇంకో రోజు ఇంకో చోట చేయించుకోవచ్చు, ఏమీ కాదు. ఈ ఒక్క ముక్క ఆదివారం నాకు తెలిసి ఉంటే బాగుండేది.

అమ్మ రేపు పొద్దున పరకాల బస్సు ఎక్కుతానంటోంది. డాక్టర్ గారు వాపు తగ్గాక వచ్చే శనివారం మిగతా గార తీస్తాను, డబ్బు వద్దు అన్నారు. అమ్మతో ఇంకా చెప్పలేదు, రాత్రి అన్నం తిన్నాక అడుగుతాను.