ఏజెంటా, ఏడీఓనా, ఏఏఓనా, ప్రైవేట్ కంపెనీలో సేల్స్ మేనేజరా: లైఫ్ ఇన్సూరెన్స్‌లో ఏది మేలు?

ఈ లైన్‌లోకి వద్దామనుకునే పిల్లలందరూ జీతం ఎంతొస్తది అని అడుగుతారు, రెన్యువల్ కమిషన్, అంటే పాలసీదారు ఏటా ప్రీమియం కట్టినప్పుడల్లా వచ్చే కమిషన్, ఎవరికి పోతది అని ఒక్కడూ అడగడు. నన్నడిగితే అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఏజెంట్ సంగతి చూద్దాం. టెన్త్ పాసై 18 ఏళ్లు నిండితే చాలు, ఐసీ-38 అనే ఏజెంట్ల ఎగ్జామ్ రాసి కోడ్ (ఏజెంట్ నంబర్) తీసుకోవచ్చు. ఏడాదికి 50 వేల ప్రీమియం పాలసీ ఒకటి చేశావనుకో, ఫస్ట్ ఇయర్ కమిషన్ లెక్క కోసం 25% వేసుకున్నా 12,500, ఆ తర్వాత ఏటా 5% అనుకుంటే 2,500. ఒక్క పాలసీ చూస్తే ఏముందిలే అనిపిస్తది గానీ అలాంటివి వంద నిలబెడితే కొత్త బిజినెస్ లేకపోయినా ఏడాదికి రెండున్నర లక్షలు, ఎల్ఐసీలో అయితే ఏజెంట్ పోయాక కూడా ఇంట్లోవాళ్లకి రెన్యువల్ వచ్చే రూల్ ఉంది, కండిషన్లు ఉంటాయనుకో. నిలబెడితే అన్నా, అది గుర్తుపెట్టుకో. చుట్టాల చేత మొహమాటానికి కట్టించినవి రెండో ఏడే ల్యాప్స్ అయిపోతాయి. పైగా 2024 అక్టోబర్ 1 నుంచి సరెండర్ వాల్యూ (పాలసీ మధ్యలో ఆపేస్తే తిరిగొచ్చే డబ్బు) రూల్స్ మారాక ఫస్ట్ ఇయర్ కమిషన్లు కూడా తగ్గాయి, కాబట్టి మొదటి రెండు మూడేళ్లు ఇంట్లో ఇంకో జీతం లేకపోతే చాలా కష్టం.

ఏడీఓ అంటే ఎల్ఐసీలో అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్, ఆ ఏజెంట్లని తయారుచేసేవాడు. 2023 నోటిఫికేషన్‌లో దేశమంతా కలిపి 9,394 పోస్టులు, బేసిక్ 35,650. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లలో దీన్ని కూడా బ్యాంక్ జాబ్ లెక్కనే చూస్తారు, కాదు బాబూ, ఇది ఎండలో తిరిగే ఉద్యోగం. నీ టీమ్ తెచ్చే ప్రీమియానికి నీ మీద కంపెనీ పెట్టే ఖర్చుకి లెక్క సరిపోవాలి, దాన్నే కాస్ట్ రేషియో అంటారు, అది తప్పితే జీతం మీదకే వస్తది. మార్చి నెలలో ఏ డెవలప్‌మెంట్ ఆఫీసర్ మొహం చూసినా నీకే అర్థమైతది.

ఏఏఓ, అంటే ఎల్ఐసీలో అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వస్తే కళ్లు మూసుకుని జాయిన్ అవ్వు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ, 2025 నోటిఫికేషన్‌లో బేసిక్ 88,635, శని ఆదివారాలు సెలవు. ట్రాన్స్‌ఫర్ ఎక్కడికైనా వేస్తారు, సైఫాబాద్ జోనల్ ఆఫీసులోనే సీటు కావాలంటే కుదరదు.

ప్రైవేట్‌లో సేల్స్ మేనేజర్ పోస్టుకి సోమాజిగూడలోనో బేగంపేటలోనో పొద్దున ఇంటర్వ్యూకి పోతే సాయంత్రానికి ఆఫర్ లెటర్ వస్తది, అంత ఈజీగా ఎందుకిస్తున్నారో ఆలోచించు. నీ ఫోన్‌లో కాంటాక్ట్స్ అయిపోయేదాకానే నీకు విలువ. టార్గెట్ నిండకపోతే బయటికే, పోయేటప్పుడు నువ్వు తెచ్చిన బిజినెస్ మీద రెన్యువల్ నీకు రూపాయి రాదు. బ్యాంక్ బ్రాంచ్‌లో కూర్చునే పోస్టు అయితే ఇంకో తలనొప్పి, ఎఫ్‌డీ కోసం వచ్చిన పెద్దాయనకి పదేళ్ల పాలసీ అంటగట్టమంటారు, ఆయన కొడుకు ఫ్రీ లుక్ (పాలసీ నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు) 30 రోజుల్లోపు క్యాన్సిల్ చేయిస్తే ఆ మైనస్ నీ లెక్కలోనే. ట్రైనింగ్ మాత్రం బాగిస్తారు, అది ఒప్పుకోవాలి.

లెక్కలంటే పిచ్చి ఉన్నోళ్లకి యాక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్కులు, ప్రీమియాలు లెక్కగట్టే పని) వేరే లోకం, ఏసెట్ అనే ఎంట్రన్స్‌తో మొదలుపెట్టి ఫెలో అయ్యేసరికి 13 పేపర్లు, ఏళ్లు పడతది, ఉద్యోగాలు ఎక్కువగా ముంబై, గుర్గావ్ వైపు.

నా ఓటు అయితే వయసు 30 దాటనోళ్లకి ముందు ఏఏఓ, అది రాకపోతే ఏడీఓ. ఇంట్లో ఇంకో జీతం ఉండి, కాలనీలో నలుగురు పేరు పెట్టి పిలిచేంత పరిచయం ఉంటే మాత్రం ఏజెంట్ కోడే మేలు, ఆ మాటకొస్తే చాలామంది ఇళ్లల్లో ఆడవాళ్లే దీన్ని బాగా నడిపిస్తున్నారు. కోడ్ ఏ డెవలప్‌మెంట్ ఆఫీసర్ కింద తీసుకుంటున్నావో మాత్రం చూసుకో, ఆయన పాత ఏజెంట్లు ఇద్దరు ముగ్గురితో మాట్లాడాకే సంతకం పెట్టు.