లిఫ్టు ఉంది, ఏడు మెట్లెక్కితే

నెల్లూరు రంగనాథస్వామి దర్శనం గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ముందు ఆ లాడ్జి సంగతి కక్కేస్తే తప్ప నాకు మనసు కుదుటపడేలా లేదు.

నాకు చిన్నప్పుడే పోలియో. ఎడమ కాలికి క్యాలిపర్, అంటే కాలికి ఆసరాగా కట్టే ఊచల పట్టీ, తొడుక్కుని, చేతికర్రతోనే ఉద్యోగమంతా లాగించాను. అరవై దాటాక భుజాలు మొరాయించాయి. ఇప్పుడు ఇల్లు దాటితే మడత చక్రాల కుర్చీ ఉండాల్సిందే. ఒంగోలు నుంచి నేను, మా ఆయన, మా చెల్లి పినాకిని రైల్లో వెళ్లాం. దివ్యాంగుల రాయితీ కార్డు మీద నాకూ, తోడు వచ్చే ఒకరికీ టికెట్టులో 75 శాతం తగ్గింది. చెల్లికి మాత్రం పూర్తి చార్జీ పడింది. నెల్లూరులో దిగేదాకా అంతకుమించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

చుట్టాలింట్లో దిగుదామంటే వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని లాడ్జి. ఫోనులో ఒకటికి మూడుసార్లు అడిగాను. లిఫ్టు ఉందా? ఉందమ్మా. చక్రాల కుర్చీ గదిలోకి వస్తుందా? ఎందుకు రాదమ్మా. ఏసీ గది 1,850 రూపాయలు, అడ్వాన్సు 500. వెళ్లి చూస్తే లిఫ్టు నిజంగానే ఉంది. రోడ్డు మీద నుంచి ఏడు మెట్లెక్కితే రిసెప్షన్, దాని పక్కన లిఫ్టు. మెట్లున్నాయని చెప్పలేదేమండీ అంటే, కౌంటరులో మనిషి తలెత్తకుండానే, "మీరు లిఫ్టు గురించే కదా అడిగారు" అన్నాడు.

ర్యాంపు కూడా ఉందంటూ చూపించాడు. మెట్ల పక్కన స్కూటరు ఎక్కించుకోవడానికి పోసిన సిమెంటు వాలు, జానెడు వెడల్పు. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుంటేనే అది చక్రాల కుర్చీకి ర్యాంపు. ఇక్కడ మూడడుగులకు పైగా ఉన్న ఎత్తును నాలుగడుగుల్లో ముగించేశారు. చివరికి ఒకవైపు మా ఆయన, ఇంకోవైపు రూం బాయ్ కుర్చీతో సహా నన్ను లేపారు. నడిరోడ్డు మీద నన్ను మూటలా ఎత్తడమంత అసహ్యం నాకు మరొకటి లేదు.

గదిలో ఇంకో ముచ్చట. మా ఆయన జానతో కొలిచారు. బాత్రూము తలుపు రెండున్నర జానలు, నా కుర్చీ మూడు. పైగా లోపలికి అడుగు పెట్టేచోట అరడుగు గట్టు. ప్లాస్టిక్ కుర్చీ తెప్పిస్తే దానికో కాలు విరిగి ఉంది. రాత్రి రెండుసార్లు చెల్లి నిద్ర లేచి నన్ను పట్టుకుని నడిపించింది. "పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోదామని ముందే చెప్పా" అని మా ఆయన ఒక్క మాటని, గోడవైపు తిరిగి పడుకున్నారు. వేరే చోటికి మారతామంటే అడ్వాన్సు వెనక్కి ఇవ్వరట. చెల్లి కౌంటరు దగ్గర అరగంట పోట్లాడింది, పైసా రాలలేదు.

నాలాంటివాళ్లు లిఫ్టు ఉందా అని అడగొద్దు. రోడ్డు మీద నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు అని అడగండి. బాత్రూము తలుపు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. పంపనన్నారంటే ఆ గది మనకు కాదు.

మర్నాడు పొద్దున్నే రంగనాయకులపేటకు ఆటో, 120 రూపాయలు. "ఏంగాదులే మా, నిదానంగా ఎక్కు" అంటూ ఆ అబ్బాయే కుర్చీ మడిచి పక్కన పెట్టుకున్నాడు. క్యాలిపర్‌కు బూటు ఉంటుంది కాబట్టి గుడిలోకి కుదరదని, దాన్ని గదిలోనే విప్పి వచ్చాను. ఇక కుర్చీయే నా కాళ్లు. దూరం నుంచే గాలిగోపురం కనబడింది, ఆవల పెన్న. వీధుల్లో తిరిగిన చక్రాలు కదా, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని నాకు టెన్షన్. చెల్లి తడిగుడ్డతో రెండు చక్రాలూ శుభ్రంగా తుడిచింది. ఎవరూ ఏమీ అనలేదు.

పాత గుళ్లన్నిటికీ ఉన్నట్టే ఇక్కడా గడపలున్నాయి. మా ఆయన కుర్చీని ముందుకే తోసి తోసి చెమటలు కక్కుతున్నారు. పూలమ్మే పెద్దావిడ బుట్ట పక్కన పెట్టి వచ్చింది. "ఎనక్కి తిప్పు నాయనా. పెద్ద చక్రాలు ముందు ఎక్కనీ" అంది. కుర్చీ తిప్పి, వెనక్కి కాస్త వాల్చి లాగితే గడప ఇట్టే దాటింది. వాళ్లత్త నాలుగేళ్లు కుర్చీలోనే ఉందట. ఇదే మాట నేను ఎన్నాళ్లుగానో చెబుతున్నా, ఆయన ఆవిడ చెబితే విన్నారు! మూర పాతిక చొప్పున నాలుగు మూరలు కొన్నాం. చివర్లో కుర్చీ వదిలి ఇద్దరి భుజాల మీద వెళ్లాను. స్వామి హాయిగా శేషుడి మీద పడుకుని ఉన్నాడు. నిలబడి దర్శనం ఇవ్వని దేవుడి ముందు నేను నిలబడలేకపోవడం తప్పనిపించలేదు.

మధ్యాహ్నం ఒక మెస్సుకు వెళ్లాం. రుచి విని కాదు, మెట్లు లేవని. కొరమీను పులుసు, మామిడికాయ ముక్కలతో, ప్లేటు 220. ముందురోజు రాత్రి కాచిందట, ముక్కకు పులుపు పట్టి ఎర్రగా నూనె తేలి ఉంది. మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. మైపాడు బీచికి పోదామంది చెల్లి. ఇసుకలో చక్రం దిగబడుతుంది, నేను రానన్నాను.

సాయంత్రం బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు. మొహర్రం నాడు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే చోటు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి ఇస్తారు. చెల్లి ఒకప్పుడు నా కోసం ఇక్కడ ఆరోగ్య రొట్టె పట్టిందట, ఇన్నాళ్లూ చెప్పలేదు. నేను గట్టు మీద కుర్చీలో, అది మెట్టు మీద కూర్చుని మలై కాజా తింటున్నాం.

"ఈసారి వస్తే ఆరోగ్యం వద్దులే, లిఫ్టు రొట్టె ఉందేమో కనుక్కో" అన్నాను.

"మెట్లు లేని లిఫ్టని గట్టిగా చెప్పి మరీ అడుగుతా అక్కా" అంది.