క్లాస్ 37 బొమ్మ ఇంజన్: నాలుగేళ్ళు నడిపాక

టిక్... టిక్... టిక్. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి. 2024 చలికాలంలో ఒక రాత్రి అటక మీద ఈ ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటే మొదటిసారి వినపడింది. పట్టా అతుకేమో అనుకున్నాను. అతుకు చప్పుడైతే అతుకు దగ్గరే రావాలి కదా, ఇది ఇంజన్ ఎటు పోతే అటు వెంట వస్తోంది. ఆ టిక్ సంగతి తర్వాత చెప్తాను. అది లేకపోతే ఈ సమీక్ష వేరేలా ఉండేది, బహుశా రాసేవాణ్నే కాదు.

మాది కాజీపేట. నాన్న లోకో డ్రైవర్‌గా రిటైరయ్యాడు, బల్లార్షా లైన్‌లో ఆయన తిరగని రాత్రి లేదు. నేను ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని యార్క్‌కు వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఇక్కడికొచ్చాకే ఈ బొమ్మ రైళ్ళ పిచ్చి పట్టింది. ఊళ్ళోనే జాతీయ రైల్వే మ్యూజియం, ఏటా ఈస్టర్‌కు గుర్రప్పందేల మైదానంలో మోడల్ రైల్వే ప్రదర్శన. ఇవి రెండూ పక్కనే పెట్టుకుని ఎన్నాళ్ళని ఓర్చుకుంటాం?

నేను కొన్నది ఓఓ గేజ్ (ఇక్కడ ఎక్కువమంది వాడే బొమ్మ రైళ్ళ కొలత) క్లాస్ 37. అసలు క్లాస్ 37 ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ వాళ్ళ డీజిల్ ఇంజన్. 1960 నుంచి 1965 దాకా 309 తయారయ్యాయి. 1,750 హార్స్‌పవర్, 12 సిలిండర్లు, మన పాత డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 లాగే ఒక్కో బోగీకి మూడు ఇరుసులు. (బోగీ అంటే మనవాళ్ళకు పెట్టె. ఇక్కడ మాత్రం అడుగున చక్రాలుండే చట్రం. ఇకపై ఆ అర్థంలోనే వాడతాను.) మొట్టమొదట వచ్చిన డీ6700 ఇప్పుడు ఇక్కడి జాతీయ సేకరణలో ఉంది. ఈ ఇంజన్ బొమ్మను ఒకటికి నాలుగైదు కంపెనీలు చేశాయి. నాది ఏ కంపెనీదో చెప్పను. నా ఒక్క ఇంజన్‌తో వాళ్ళ కార్ఖానా మొత్తానికి తీర్పు చెప్పడం సరికాదు.

ఎదురుచూపు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సరదాలో సగం అదే. 2019 ఫిబ్రవరిలో ఈ బొమ్మ తెస్తున్నామని కంపెనీ ప్రకటన వచ్చింది. మొదట కంప్యూటర్‌లో గీసిన బొమ్మ. కొన్ని నెలలకు రంగు లేని బూడిదరంగు ప్లాస్టిక్ నమూనా. దాని మీద మా బొమ్మ రైళ్ళ పిచ్చివాళ్ళు భూతద్దం పెట్టి ముక్కు వంపు తప్పిందని, కిటికీ అర మిల్లీమీటరు పైకి పోయిందని వాదులాడుకున్నారు. ఆ తర్వాత రంగు వేసిన నమూనా, దాని మీద ఇంకో వాదన: పసుపు ఎక్కువైంది, ఆకుపచ్చలో నీలం కలిసింది అని. 2020 మొదట్లో వస్తుందన్నది కరోనాతో ఆగింది. 2021లో మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు కదల్లేదు, ఆసియా నుంచి యూరప్ వచ్చే సరుకంతా వరుస తప్పింది. నాకు ఇంజన్ చేతికొచ్చింది ఆ ఏడు మే నెలలో. రెండేళ్ళ మూడు నెలలు. నాన్నకు ఫోన్ చేసి చెప్తే నవ్వాడు.

"గన్ని దినాల్ల బనారస్‌ల అసలు ఇంజనే తయారైతది గదరా."

పెట్టె విప్పిన రోజు బాగానే గుర్తుంది. 25 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ పొడవు, వంటింటి త్రాసు మీద పెడితే 610 గ్రాములు. చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది, లోపల లోహపు చట్రం ఉంది మరి. పైకప్పు మీద ఫ్యాన్ జాలీ నిజంగా చెక్కిన రేకు, కింద నుంచి దీపం చూపిస్తే లోపలి ఫ్యాన్ రెక్కలు కనపడతాయి. పక్కన ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ తయారీ ఫలకం వడ్లగింజలో సగం ఉండదు, కానీ భూతద్దంతో అక్షరాలు చదవొచ్చు. ముద్ర విషయంలో ఈ రోజుల్లో ఎవరికీ వంక పెట్టలేం.

ఇంకో చిన్న సంచి వస్తుంది. ముందు భాగాన తగిలించాల్సిన గొట్టాలు, కొక్కేలు అందులో ఉంటాయి. పట్టకారుతో, చుక్క జిగురుతో మనమే అంటించుకోవాలి. అన్నీ అంటిస్తే చూడ్డానికి అసలు ఇంజనే. కానీ అప్పుడు పెట్టెలు తగిలించే కప్లింగ్ పక్కకు తిరగలేదు, 438 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో పెట్టె పట్టా దిగుతుంది. నేను ఒక వైపే అంటించాను. రెండో వైపుది నాలుగేళ్ళుగా అదే సంచిలో ఉంది.

నాన్నకు వీడియోలో చూపించాను. రంగు చూడలేదు, ముక్కు చూడలేదు. ఇంజన్‌ను తిప్పి అడుగు చూపించమన్నాడు.

"చక్రాలు లోపల్కి ఉన్నయేందిరా? గేజ్ తక్కువున్నది."

నలభై ఏళ్ళు బ్రాడ్‌గేజ్ మీద బతికిన కన్ను అది. ఓఓ అంటే అంతే మరి. పై భాగం అసలులో 76వ వంతు, కింద పట్టా మాత్రం యూరప్ వాళ్ళ బొమ్మ రైళ్ళ కొలత హెచ్ఓది, రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం దాదాపు 18.8 ఉండాలి. పాతకాలంలో ఇక్కడి చిన్న ఇంజన్లలో మోటారు పట్టక, పట్టా అదే ఉంచి పైభాగం పెంచారు. ఆ తప్పు అలాగే సంప్రదాయమైపోయింది. మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌ను ఇదే కొలతలో చేయాలంటే 22 మిల్లీమీటర్ల పట్టా కావాలి. అందుకే మన ఇంజన్ల బొమ్మలు కూడా ఎక్కువగా ఇదే 16.5 మీద, ఇరుకు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకున్నట్టు తిరుగుతుంటాయి.

ఇక నడక. మొదటి మూడేళ్ళు నేను ఒక్క మాట అనలేను. ఆరు ఇరుసులూ లాగుతాయి, పన్నెండు చక్రాలూ పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి. మోటారుకు రెండు వైపులా ఫ్లైవీల్ (జోరు నిలబెట్టే బరువు చక్రం) ఉంది కాబట్టి పట్టా మీద మురికి తగిలినా తడబడకుండా దాటేస్తుంది. డీసీసీలో (పట్టా ద్వారానే ఇంజన్‌కు ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) 128 మెట్ల వేగం పెట్టుకుని మూడో మెట్టులో వదిలితే ఒక స్లీపర్ (పట్టాల కింది అడ్డదిమ్మె) దాటడానికి రెండు సెకన్లు పట్టేది. నా దృష్టిలో బొమ్మ ఇంజన్‌కు అసలు పరీక్ష ఇదే. జోరుగా ఏ ఇంజనైనా పోతుంది, మెల్లగా పోవడమే కష్టం. మార్క్ 1 అనే పాతకాలపు బ్రిటిష్ ప్రయాణికుల పెట్టెలు ఏడు చదునులో అవలీలగా లాగుతుంది. 50 అడుగులకు అడుగు లేచే ఎత్తులో ఆరు పెట్టెలు లాగింది, ఏడో పెట్టె తగిలిస్తే చక్రాలు అక్కడే తిరుగుతాయి. "ఇసుక కొట్టు," అన్నాడు నాన్న. ఆయన నేర్చుకున్న మందు అదొక్కటే, వాన పడితే నాచ్ (ఇంజన్ జోరు పెంచే తగ్గించే మెట్టు) తగ్గించి ఇసుక కొట్టడం. ఇక్కడ ఇసుక కొడితే గేర్లు పోతాయని చెప్పలేక ఊరుకున్నాను.

ధ్వని విడిగా కొనాలి. 21 పిన్నుల డీకోడర్ (ఆ డిజిటల్ ఆదేశాలు అందుకునే చిప్పు), స్పీకరు కలిపి ఇంజన్ ధరలో మూడింట రెండొంతులకు పైనే అయింది. పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు, కానీ మొదటి నెలలో వినే సరదా ఆరో నెలలో ఉండదు. మా ఇంట్లో వాళ్ళకు మొదటి వారం కూడా లేదు. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విని, ఆల్కో (అమెరికా ఇంజన్ల కంపెనీ) చప్పుడు కాదన్నాడు. నిజమే, డబ్ల్యూడీఎం-2ది 16 సిలిండర్ల ఆల్కో, దాని గురక వేరు. ఇది కొంచెం ఈలతో మొదలవుతుంది.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. పట్టాను గరుకు కాగితంతో రుద్దొద్దు, గీతలు పడితే మురికి ఇంకా పట్టుకుంటుంది. చక్రాలకైతే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన వంటింటి టిష్యూ పట్టా మీద పరచి, ఒక బోగీ దాని మీద, రెండోది మామూలు పట్టా మీద ఉంచి, ఇంజన్‌ను చేత్తో కదలకుండా పట్టుకుని కరెంటుతో చక్రాలు తిరగనివ్వండి. టిష్యూ మీద రెండు నల్లటి చారలు పడతాయి. తర్వాత ఇంజన్‌ను తిప్పి పెట్టి రెండో వైపు. నెలకోసారి పది నిమిషాల పని.

ఇక టిక్ దగ్గరికి వద్దాం.

బోగీ కింది మూత నాలుగు గొళ్ళేలతో పట్టి ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి విప్పితే మూడు ఇరుసులు విడిగా చేతికొస్తాయి. ఒక్కో ఇరుసు మధ్యలో పెసరగింజ మందంలో తెల్లటి ప్లాస్టిక్ గేరు. రెండు ఇరుసులు బాగానే ఉన్నాయి. మూడోదాన్ని దీపం కింద మెల్లగా తిప్పితే రెండు పళ్ళ మధ్య వెంట్రుక లాంటి గీత కనపడింది. గోటితో నొక్కితే తెరుచుకుంది, వదిలితే మూసుకుంది. ఇరుసు లావుకు గేరు రంధ్రం బిగుతై, ఆ ఒత్తిడికి ఏళ్ళు గడిచాక ప్లాస్టిక్ పగిలింది. గీత దగ్గర రెండు పళ్ళ మధ్య సందు పెరిగి, ఎదుటి గేరు పన్ను అక్కడికొచ్చినప్పుడల్లా ఎగిరి పడుతోంది. అదే టిక్. ఈ జబ్బు చాలా కంపెనీల పాత ఇంజన్లలో ఉన్నదే, ఈ వ్యాపకంలో ముదిరినవాళ్ళకు కొత్త కాదు. నాకు మాత్రం కొత్త.

వారంటీ ఎప్పుడో దాటింది, దానికి నేనేం అనను. గేరు కొంటానని రాశాను. ఆ అచ్చు తయారీ ముగిసిందని, విడిభాగాలు లేవని జవాబు వచ్చింది. అదే ఉత్తరం చివర, అదే ఇంజన్ కొత్త రంగుల్లో రాబోతోందని, ముందే చెప్పి ఉంచుకోవచ్చని ఉంది! రెండుసార్లు చదువుకున్నాను. ఇంత గేరు ముక్క లేదు కానీ ఇంజన్ మొత్తం మళ్ళీ వస్తుందట, ఎరుపు గీతతో.

నాలుగు నెలలు ఇంజన్ పెట్టెలో పడుకుంది. ఆ ఇరుసు లేకుండా నడపొచ్చు కదా అని ప్రయత్నించాను, నడిచింది, కానీ ఐదు పెట్టెలకే ఆయాసపడింది. చివరికి ఈస్టర్ ప్రదర్శనలో ఒక మూల బల్ల మీద మోటార్లు, గేర్లు, బ్రష్‌లు డబ్బాల్లో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన దొరికాడు. నా గేరు పళ్ళు లెక్కపెట్టి, కాలిపర్‌తో రంధ్రం కొలిచి, ఇత్తడిది ఇచ్చాడు. ఆరు తీసుకున్నాను. పగలనివి కూడా మార్చేశాను, ఒక్క సాయంత్రం పట్టింది. ఇప్పుడు కొంచెం గరగరమంటుంది కానీ టిక్ లేదు. మూడో మెట్టు నడక మునుపంత మెత్తగా లేదు, స్లీపర్‌కు రెండు సెకన్లు కాస్తా ఒకటిన్నర అయింది. నాన్నకు చెప్తే ఆయన మొదటిసారి ఈ బొమ్మ మీద గౌరవం చూపించాడు.

"ఇగ ఇప్పుడైంది ఇంజన్. షెడ్డుకు పోయొచ్చింది."

కాబట్టి కొత్త మోడల్ ప్రకటనలకు ఎదురుచూసేవాళ్ళకు నేను చెప్పేది రంగు గురించి కాదు. జనవరి వస్తే బొమ్మ రైళ్ళ కంపెనీ హార్న్‌బీ ఏడాది జాబితా కోసం మావాళ్ళు నిద్ర మానుకునేవాళ్ళు, నేనూ అంతే. ఇంకో కంపెనీ బ్యాక్‌మన్ వాళ్ళు ఏడాది జాబితా మానేసి మూడు నెలలకోసారి, దాదాపు సరుకు దగ్గర పెట్టుకుని చెప్పే పద్ధతికి మారారు. నాకు ఇదే నచ్చింది. సరదా కొంచెం తగ్గుతుంది, రెండేళ్ళ వాయిదా గోల ఉండదు. ఒకే ఇంజన్‌ను ఇద్దరు ప్రకటించడం ఇంకో తలనొప్పి. టెర్రియర్ అనే బుల్లి ఆవిరి ఇంజన్‌ను ఒకేసారి అటు హార్న్‌బీ, ఇటు డాపోల్ కంపెనీ బయటపెట్టినప్పుడు ఏది కొనాలో తేలక కొందరు రెండూ కొన్నారు. అమ్మేవాడికి అదీ లాభమే.

ఆ నమూనా ఫొటోల్లో ముక్కు వంపు మీద వంద మాటలు నడుస్తాయి. కింది మూత ఎలా తెరుచుకుంటుందో ఎవరూ అడగరు. గేరు విడిగా అమ్ముతారా, ఇరుసుకు నంబరు ఉందా, మూత స్క్రూదా గొళ్ళెందా? 2019లో నేనూ అడగలేదు. ఆకుపచ్చలో నీలం ఎంత ఉందో మాత్రం అడిగాను.

ఈ ఇంజన్ మళ్ళీ కొంటానా? పాతది కొంటాను, సగం ధరకు, గేర్లు మార్చుకునే ఓపికతో. కొత్త అచ్చుది ఇప్పటి ధరకు కొనను. మలుపుల వ్యాసార్థం 505 మిల్లీమీటర్లకు తక్కువైతే ఎవరూ కొనొద్దు. ధ్వని ఆరు నెలల తర్వాత ఆలోచించండి.

ఈ జూన్‌లో వేరే కంపెనీ నాకు ఇష్టమైన ఇంకో డీజిల్‌ను ప్రకటించింది. బూడిదరంగు నమూనా ముక్కు బాగుంది. కంప్యూటర్ ముందు అరగంట కూర్చుని, బటన్ నొక్కకుండా దుకాణాయనకు ఫోన్ చేశాను. ఇరుసు గేరు విడిగా దొరుకుతుందా అని అడిగాను. ఇంతవరకు ఎవరూ అడగలేదని, కనుక్కుని చెప్తానని అన్నాడు. నాలుగు నెలలైంది. నాన్న మాత్రం ఆదివారం ఆదివారం అడుగుతున్నాడు, ఆయన ఫోన్ చేసిండా అని.