తిరుపతిలో పెట్టించిన ఇంప్లాంట్ పన్ను: కువైట్‌లో ఆరేళ్ళ వాడకం తర్వాత

గల్ఫ్‌లో ఉంటూ ఊళ్ళో ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో మర దించి దాని మీద నిలిపే పన్ను, పెట్టించుకునేవాళ్ళు డాక్టరును ముందుగా అడగాల్సింది ధర కాదు, స్టిక్కరు. ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ పేరు, కొలత, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి క్లినిక్ ఫైలుకు, ఒకటి మనకు. 2018 జూన్‌లో తిరుపతిలో కింది ఎడమ దవడ పన్ను, వాళ్ళ లెక్కలో 36వ నంబరు, దాని చోట 4.5 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల పొడవున్న మర దించినప్పుడు ఆ స్టిక్కరును కార్డు మీద అంటించి ఇచ్చారు. ఆ కార్డు ఫొటో ఫోన్‌లో ఉండబట్టే తర్వాత పన్ను నిలిచింది.

ఖర్చులో తేడా అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. సెలవుల లెక్క మాత్రం చెప్పాలి. కింది దవడ ఎముక గట్టిది, మర అందులో అతుక్కోవడానికి సుమారు 3 నెలలు పడుతుంది. పైదవడ మెత్తన, 4 నుంచి 6 నెలలు. కాబట్టి ఒక్క సెలవులో తేలే పని కాదు. మొదటిసారి కుట్లు విప్పేదాకా 10 రోజులు, రెండోసారి కొలతకూ క్యాప్‌కూ కలిపి 2 వారాలు చేతిలో ఉంచుకోవాలి. జనవరిలో వస్తే ఇంకో చిక్కుంది. కొలతలు చెన్నై ల్యాబుకు పోతే పొంగల్‌కు అక్కడ పని ఆగిపోతుంది. 2019 జనవరిలో అదే జరిగి, విమానానికి 2 రోజుల ముందు క్యాప్ చేతికొచ్చింది. మాట ప్రకారం ఇచ్చారని అప్పట్లో పదిమందికీ చెప్పాను. ఆ మెప్పు ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

క్యాప్‌ను సిమెంటుతో అంటించకుండా స్క్రూతో బిగించడం మాత్రం చాలా మంచిదైంది. క్యాప్ నడినెత్తిన చిన్న బెజ్జం, లోపల స్క్రూ, దాని మీద టెఫ్లాన్ టేపు ముక్క, పైన పంటి రంగు ఫిల్లింగ్. సరైన స్క్రూడ్రైవరుంటే ఏ ఊళ్ళోనైనా విప్పొచ్చు. సిమెంటుదైతే విప్పేటప్పుడు క్యాప్ పగలొచ్చు. పైగా చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు చిగురును వాపెక్కించి, చుట్టూ ఎముకను కరిగిస్తుంది.

నాలుగేళ్ళు నిప్పట్లు, నాటుకోడి ముక్కలు అన్నీ నమిలింది. 2023 మార్చిలో కదిలింది. నాలుకతో నెడితే క్యాప్ వెంట్రుకవాసి తిరుగుతోంది, నొప్పి లేదు, వాపు లేదు. ఇలా నొప్పి లేకుండా కదిలితే చాలావరకు లోపలి స్క్రూ వదులైనట్టే. ఎముకలోని మర ఊగిందా, స్క్రూ ఒక్కటే వదులైందా అన్నది డాక్టరే తేల్చాలి. అప్పటిదాకా అటువైపు నమలకూడదు. నమిలితే స్క్రూ లోపలే విరిగి, ముక్క తీయడం పెద్ద పనవుతుంది.

కువైట్‌లో మొదటి క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారు. డ్రైవరు మాత్రం లేదు. స్క్రూ తల కంపెనీకొక రకం. స్ట్రామన్‌ది నక్షత్రం ఆకారం, ఓస్టెమ్‌ది 1.2 మిల్లీమీటర్ల ఆరు పలకలది. కుదరని డ్రైవరుతో తిప్పితే తల గుండ్రంగా అరిగిపోతుంది. ఆ డాక్టరు చెయ్యి పెట్టకుండా పంపేయడం ఎంతో మేలు చేసింది. కార్డు ఫొటో చూసి రెండో క్లినిక్‌లో సరైన డ్రైవరు తీశారు. ఫిల్లింగ్ తొలిచి, టేపును సన్నటి కొక్కెంతో లాగి, స్క్రూ బయటపెట్టారు. దాని చుట్లు అరిగి మెరుస్తున్నాయి.

అరిగినదాన్ని మార్చాలి కాబట్టి కంపెనీ స్క్రూ తెప్పించారు. అది కూర్చోలేదు. ఎముకలోని మర కంపెనీదే, దానికీ క్యాప్‌కూ నడుమ ఉండే అబట్‌మెంట్ వేరే తయారీది. ల్యాబులో 'దీనికి సరిపోతుంది' అని వేసేసిన ముక్క. దానికి స్టిక్కరు ఇవ్వలేదు, మాట కూడా చెప్పలేదు. అతుకు దగ్గర మైక్రాన్ల తేడా ఉన్నా నమిలిన ప్రతిసారీ సన్నటి కదలిక పుట్టి స్క్రూ వదులవుతుంది. నా కోపమంతా దీని మీదే. ఎముకలో పోయేది కంపెనీదని గట్టిగా చెప్పినవాళ్ళు పైముక్క సంగతి ఎందుకు దాచాలి?

చివరికి పాత స్క్రూనే శుభ్రం చేసి, బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచితో 30 న్యూటన్ సెంటీమీటర్లకు బిగించి, 10 నిమిషాలు ఆగి మళ్ళీ అంతే బలంతో బిగించారు. మొదటి బిగింపు తర్వాత లోహం కాస్త సర్దుకుని పట్టు తగ్గుతుంది, అందుకే రెండోది. 2019లో విమానం తొందరలో ఇది చేయలేదు. తర్వాతి సెలవులో తిరుపతి క్లినిక్‌లోనే ల్యాబు ఖర్చు మాత్రం తీసుకుని, కంపెనీ అబట్‌మెంట్‌తో కొత్త క్యాప్ వేశారు. ఈసారి దాని స్టిక్కరు కూడా ఇచ్చారు.

ఇంకో చిన్న బాధ ఉంది. ముందు పన్నుకూ దీనికీ మధ్య సందు పడి, ఎండాకాలం మామిడి పీచు ఇరుక్కుంటోంది. సొంత పళ్ళు ఏళ్ళ మీద కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉంటుంది. పుల్ల పెట్టి కెలకొద్దు, సందుల్లో దూరే చిన్న బ్రష్షు రాత్రిపూట వాడితే చాలు.

ఏటా సెలవు దొరుకుతుంది, షుగరు లేదు, పొగ అలవాటు లేదు, కింది దవడ. ఈ లెక్కన నేనైతే మళ్ళీ తిరుపతిలోనే చేయిస్తాను. రెండేళ్ళకోసారి వచ్చేవాళ్ళకూ, పైదవడలో సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) కింద ఎముక నింపాల్సినవాళ్ళకూ ఇదే మాట చెప్పలేను. వాళ్ళకు ఖర్చెక్కువైనా ఉన్న ఊళ్ళోనే నయమేమో.